జడలో దూది

సాయంత్రం స్కూలు నుంచి రాగానే అఫీఫాను గడప దగ్గర పీట మీద కూర్చోబెట్టి, జడ విప్పి, వెంట్రుకల్లో ఇరుక్కున్న దూది ఏరడం అఫ్రోజ్‌కు అన్నం వండడం లాంటి పని. చేస్తే ఎవరూ మెచ్చుకోరు, మానేస్తే మాత్రం ఇల్లంతా అడుగుతుంది. పరుపులు కుట్టే ఇంట్లో దూది ఉండక మరేముంటుంది? సీతాఫల్‌మండిలోని ఆ ఇంటి వెనక గది నిండా బస్తాలే. కూరలో దూది, కుక్కరు మీద దూది, అత్తగారు గులాబ్ బీ నమాజు చాప మీద దూది. "ఆ బస్తాల మీద పడి చదువుకోకే అంటే ఇనవు" అని కూతుర్ని తిడుతూ, చిక్కులు తీస్తూ, ఏరినదంతా ఉండ చేసి చెత్తబుట్టలో వేస్తూ అఫ్రోజ్ నెలలకు నెలలు గడిపేసింది. అఫీఫా ఏనాడూ ఎదురు చెప్పలేదు. ఎదురు చెప్పని పిల్లను బుద్ధిమంతురాలంటారు కదా, అఫ్రోజ్ కూడా అలాగే అనుకుంది.

ఆ రోజు మాత్రం వేళ్ళకు ఏదో తేడా తగిలింది. వాళ్ళింటి దూది ఎంత ఏకినా కాస్త గరుగ్గా ఉంటుంది, ఎక్కడో ఒక గింజ పొట్టు గుచ్చుకుంటుంది. ఈ ఉండ తెల్లగా, నున్నగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఆస్పత్రి వాసన. మందుల దుకాణంలో నీలం కాగితం చుట్టి అమ్మే దూది ఇది. ఇంట్లో ఎవరికీ దెబ్బ తగల్లేదు, ఎవరూ కట్టు కట్టుకోలేదు. మరి పిల్ల జడలోకి ఎలా వచ్చింది? "ఇది ఏడికెళ్ళొచ్చిందే?" అని అడిగింది. అఫీఫా భుజాలు బిగుసుకున్నాయి. "ఏమో" అని లేచి, జడ సగంలో వదిలేసి లోపలికి పోయింది.

ఆ రాత్రి అఫ్రోజ్ అందరికీ వడ్డించింది కానీ తనకు ముద్ద దిగలేదు. దిగలేదని గమనించేవాళ్ళు కూడా ఆ ఇంట్లో లేరు. "మా ఇంట్ల ఆడోళ్ళు పనికి పోరు" అని భర్త కలీముల్లా వచ్చినవాళ్ళందరితో గొప్పగా చెప్పుకుంటాడు. నిజమే, ఆమె పనికి పోదు, పనే ఆమె దగ్గరికి వస్తుంది. మెట్టుగూడ రోడ్డు మీద ఆయన పరుపుల దుకాణంలో అమ్ముడయ్యే ప్రతి కవరు, ప్రతి దిండు గలీబు ఆమె మిషను మీద నుంచి పోయిందే. కొన్నవాళ్ళు కుట్టు బాగుందంటే "మా కారీగర్ పక్కా" అంటాడట. ఆ కారీగర్‌కు ఒంట్లో బాగాలేని రోజు కూడా "ఇంట్లనే ఉంటవ్ కదా, జెర కూసొని కుట్టు" అంటుంది గులాబ్ బీ. ఇంట్లోనే ఉంటుంది కాబట్టి పిల్ల జలుబు ఆమెది, మార్కులు ఆమెవి, జడ ఆమెది. ఇప్పుడు ఆ జడలో దొరికింది కూడా ఆమెదే.

మూడో నాడు పొద్దున అఫీఫా లేవలేదు. కడుపునొప్పి అంది. ఒళ్ళు కాలడం లేదు, నాలుక బాగానే ఉంది. అఫ్రోజ్ గలీబులు తెచ్చుకుని మంచం పక్కన కూర్చుని గుండీలు కుట్టడం మొదలుపెట్టింది. మొహంలోకి చూస్తే పిల్లలు చెప్పరు, పని చేసుకుంటూ ఉంటే చెప్తారు. చాలాసేపటికి గోడ వైపు తిరిగి అఫీఫా మాట్లాడింది. ఓ రోజు తెలుగు సారు హోంవర్క్ చేయని పిల్లాడిని 'పింజారీ' అని తిట్టాడట. ఎవరో వెనక బెంచీ నుంచి "సార్, అది అఫీఫా వాళ్ళ కులం" అన్నారట. క్లాసంతా నవ్విందట, సారు కూడా. మర్నాటి నుంచి బెంచీ మీద దూది, లంచ్ డబ్బాలో దూది, జడలో దూది. ఉర్దూ మాట్లాడే పిల్లలు నువ్వు మాలో కలవవన్నారు, తెలుగు పిల్లలు మాలోనూ కలవవన్నారు. పోయిన వారం బాత్రూంలో ఇద్దరు చేతులు పట్టుకున్నారు, ఒకమ్మాయి నోట్లో దూది కుక్కింది. "ఊదు, ఎగురుతదా చూద్దాం" అందట. ఇంకో అమ్మాయి ఫోన్‌లో తీసి క్లాసు పిల్లలకు పంపింది. తీసినమ్మాయి వాళ్ళ దుకాణంలో పరుపులు కొనే హరికిషన్ సేట్ కూతురు. స్కూలుకు ఫోన్లు తేకూడదన్న రూలు కొందరి పిల్లలకే.

సూది ఎప్పుడు వేలికి దిగిందో అఫ్రోజ్‌కు తెలియలేదు. "నాకెందుకు చెప్పలేదే?" అంది. అఫీఫా గోడ మీద సున్నం గోటితో గీకుతూ, "చెప్తే ఏమైతది" అంది. పద్నాలుగేళ్ళ పిల్ల నోట అరవై ఏళ్ళ మాట. అఫ్రోజ్‌కు తన మీద తనకే అసహ్యం వేసింది. శత్రువు రోజూ వచ్చి పిల్ల తలలో చెయ్యి పెట్టిపోతుంటే, ఆ చెయ్యి ఆనవాళ్ళు తనే దువ్వి, ఉండ చేసి, బయట పారేసింది. పైగా పిల్లనే తిట్టింది. దూది ఇంటి ఆడదానికి తప్ప ఇంత గొప్ప పొరపాటు ఎవరికి సాధ్యం?

భర్తకు అన్నం దగ్గర చెప్పింది. కలీముల్లా పప్పులో రొట్టె ముంచుకుంటూ విన్నాడు. "పిల్లలన్నంక గట్లనే ఉంటది. జెర దూరం కూసొమ్మను" అన్నాడు. ఎవరు, ఎందుకు అని అడగలేదు. పొద్దంతా దుకాణంలో నిలబడి అలసిపోయాడులే అని అఫ్రోజే ఆయన తరఫున ఒక సాకు వెతికి పెట్టింది. పెళ్ళాలకు ఈ విద్య ఎవరూ నేర్పనక్కర్లేదు. గులాబ్ బీ మాత్రం కాసేపు నమలడం ఆపింది. "మేం పడలేదా ఆ మాట? బస్సుల కండక్టర్ సుత అనేటోడు. ఇంటే చెవులు పడిపోతయా" అని మళ్ళీ నమలడం షురూ చేసింది. ఆ ముసలామె కూడా ఏదో ఒక వయసులో గోడ వైపు తిరిగి పడుకునే ఉంటుందని అఫ్రోజ్‌కు అనిపించింది.

మర్నాడు ఒక్కతే స్కూలుకు పోయింది. ప్రిన్సిపాల్ కుర్చీ చూపించాడు, నీళ్ళు ఇప్పించాడు, చాలా మర్యాదగా ఏమీ చేయలేదు. ఆ తిట్టు అందరూ అనేదేనట, ఆయన కూడా వాళ్ళబ్బాయిని అంటాడట. దూది సంగతి ఆడుకునేటప్పుడు జరిగి ఉంటుందట. అఫీఫాకు నలుగురితో కలవడం రాదని క్లాసు టీచర్ ఎప్పటి నుంచో చెబుతోందట. వీడియో సంగతి ఎత్తగానే మాత్రం గొంతు తగ్గించి, "ఇలాంటివి ఫాదర్‌తో మాట్లాడితే బాగుంటుందమ్మా. వారిని పంపండి" అన్నాడు. అఫ్రోజ్ ఇంటి దగ్గర అద్దం ముందు నేర్చుకుని పోయిన మాటల్లో మిగిలినవి బయటికి రాలేదు. లేచి "థాంక్యూ సార్" అంది. దేనికి థాంక్యూ? దారి పొడుగునా ఆ రెండు ముక్కలు తలుచుకుని పళ్ళు కొరుక్కుంటూనే ఉంది. కన్నది తను, రాత్రుళ్ళు మేలుకున్నది తను, ఫీజు లైనులో నిలబడ్డది తను. పిల్ల నోట్లో దూది కుక్కారని చెప్పడానికి మాత్రం ఫాదర్ కావాలి.

హదస్సా ఆ సాయంత్రమే రావడం అదృష్టమనే అనుకోవాలి. వాళ్ళమ్మ దిండు గట్టిపడిందని, మళ్ళీ ఏకించి ఇమ్మని తెచ్చింది. రైల్వేలో పనిచేసి రిటైరైన లూకా గారి చిన్న కూతురు. మెట్టుగూడలో ఇల్లు, సికింద్రాబాద్ కోర్టు దగ్గర మేడ మీద ఒక చిన్న ఆఫీసు. చేతి మీద నల్లకోటు వేసుకుని నిలబడ్డ ఆ మనిషిని చూడగానే అఫ్రోజ్ నోరు దానంతటదే తెరుచుకుంది. తెరుచుకుంది కానీ దారి తప్పించింది. "మా చుట్టాల పిల్ల ఉన్నది మేడమ్. దానికి స్కూల్ల జెర తక్లీఫ్ అయితుంది" అంది. హదస్సా మొత్తం విని, లోపల మంచం మీద ముడుచుకుని ఉన్న అఫీఫా వైపు ఒకసారి చూసి, తెలియనట్టే కూర్చుంది.

"చుట్టాల పిల్ల తల్లికి చెప్పు అక్కా" అంటూ నెమ్మదిగా ఒక్కొక్కటే విప్పింది. ముందు స్కూలుకే కాగితం మీద కంప్లైంట్ ఇవ్వాలట, నోటిమాట కాదు. రెండు కాపీలు, మన కాపీ మీద అందినట్టు ముద్ర. పిల్లల రక్షణకు స్కూల్లో ఒక కమిటీ ఉండాలట, అది కూర్చుని విచారించాలని అందులో అడగాలట. కదలకపోతే జిల్లా విద్యాధికారికి, పిల్లల హక్కుల కమిషన్‌కు రాయవచ్చు. కమిషన్‌కు రాయడానికి వకీలు కూడా అక్కర్లేదు. పిల్లకు ప్రమాదం అనిపిస్తే 1098కి ఫోన్. చేతులు పట్టుకుని నోట్లో కుక్కడం, వీడియో తీసి పంచడం పోలీసుల దాకా పోయే సంగతే. కానీ చేసినవాళ్ళూ పిల్లలే కాబట్టి జైలూ గియిలూ ఉండవు, వాళ్ళ కోసం వేరే బోర్డు ఉంది, పిలిచి మందలిస్తారు, కౌన్సెలింగ్ ఇప్పిస్తారు. కులం పేరుతో తిట్టారు కదా అని అఫ్రోజ్ అడిగింది. దానికున్న గట్టి చట్టం ఎస్సీ ఎస్టీలకేనని, మీ బీసీలకు వర్తించదని హదస్సా దాచకుండా చెప్పింది. "అంత మాత్రాన దారి లేదని కాదు."

పోలీసులు, కమిషన్, బోర్డు. ఒక్కో మాట వింటూ అఫ్రోజ్ లోపలి మంచం వైపు చూసింది. పిల్లకు టీసీ ఇచ్చి పంపేస్తే? వచ్చే ఏడాది పదో క్లాసు. నలుగురికీ తెలిసి వీడియో ఇంకా పాకితే? పిల్ల పేరు ఎక్కడా బయటపెట్టకూడదు, అది కూడా చట్టమేనని హదస్సా చెప్పింది. "కంప్లైంట్ చేసినందుకు టీసీ ఇస్తే, అది ఇంకో కంప్లైంట్ అయితది" అని నవ్వింది కూడా. ఆ తర్వాత, దాచిన దూది ఏమన్నా ఉందా, రోజూ జడలోంచి తీసినది, అని అడిగింది. అఫ్రోజ్ తల అడ్డంగా ఊపింది. తన చేతులతో శుభ్రం చేసినదంతా కళ్ళ ముందు తిరిగింది. శుభ్రంగా ఉంచుతుందనే కదా అత్తవారింట్లో ఆమెకు ఉన్న ఒకే ఒక్క మంచిపేరు.

"బాధపడకు. పిల్ల మాట సుత సాక్ష్యమే. వీడియో ఎవరి దగ్గరన్నా ఉందేమో చూడు" అంది హదస్సా. పక్క సందులో ఉండే ఉమేరా అనే క్లాస్‌మేట్ దగ్గర ఉంది. ఆ పిల్ల తల్లి తలుపు సగమే తెరిచి, "మా పేరు రానియ్యకు అఫ్రోజ్" అంటూనే పంపింది. అఫ్రోజ్ దాన్ని మొదటిసారి చూసినప్పుడు వంటింట్లో నేల మీద కూర్చుండిపోయింది. నోరు నిండిపోయిన అఫీఫా ఊపిరి కోసం కాళ్ళు కొట్టుకుంటోంది. వెనక నవ్వులు. రెండోసారి చూడలేక ఫోన్ బోర్లా పెట్టింది. కానీ ఆ వెనకాడే మనసు అక్కడితో చచ్చింది. చుట్టాల పిల్ల అని ఇంక ఎవరితోనూ అబద్ధమాడనని హదస్సాకు ఫోన్ చేసి చెప్పింది. "సంతకం మా ఆయనదే ఉండాల్నా?" అని కూడా అడిగింది. "తల్లివి కదా అక్కా. నీది చాలు" అన్న జవాబు విన్నాక కూడా చాలాసేపు నమ్మలేకపోయింది.

ఈ సంగతి గోడలే చెప్పాయో, ప్రిన్సిపాలే చెప్పాడో, ఆదివారం పొద్దున్నే హరికిషన్ యాపిల్ పళ్ళ బుట్టతో దిగాడు. కార్ఖానా ఏరియాలో ఆడపిల్లల హాస్టళ్ళు నడుపుతాడు. ఏటా జూన్‌లో ఆ హాస్టళ్ళకు పరుపులన్నీ కలీముల్లా దుకాణం నుంచే పోతాయి. మంచి కప్పుల్లో చాయ్ పెట్టమని గులాబ్ బీ వంటింట్లోకి కేకేసింది. అఫ్రోజ్ చాయ్ పెట్టింది. తన పిల్ల గురించి తను లేకుండా జరుగుతున్న పంచాయితీకి ఇలాచీ దంచి వేసి మరీ పెట్టింది. ఆ దంచుతున్న చెయ్యి తనదేనా అని ఆమెకే వింతగా తోచింది. హాల్లో హరికిషన్ మంచిగానే మాట్లాడుతున్నాడు. ఆడపిల్లల సంగతి, రచ్చ చేస్తే ఇద్దరికీ చెడ్డపేరే, మా పాపతో సారీ చెప్పిస్తా, మన సంబంధం ఇయ్యాల్టిది కాదు కదా అంటున్నాడు. కలీముల్లా "అట్లనే సేట్, నేను చూసుకుంటా" అన్నాడు. వాళ్ళు చేతులు కలుపుకోవడం తలుపు సందులోంచి కనిపించింది. అఫీఫా ఆ పూటంతా మిద్దె దిగలేదు.

హరికిషన్ వెళ్ళాక కప్పులు తీస్తూ అఫ్రోజ్ నిలబడి అంది, రేపు హదస్సా మేడమ్ దగ్గరికి పోతున్నానని. కలీముల్లా అరవలేదు, బతిమాలాడు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. దుకాణం ఆగిపోతే ఈ ఇల్లు ఏం తింటుందని అడిగాడు. పిల్లను వేరే స్కూల్లో వేద్దామన్నాడు. అంతా అయ్యాక, "నేను మాట ఇచ్చిన అఫ్రోజ్" అన్నాడు.

"మాట మీరిచ్చిండ్రు. నోరు దానిది" అంది అఫ్రోజ్. అని, కప్పులు పట్టుకుపోయి కడిగింది. చెయ్యి జారి ఒకటి విరిగింది. మంచి కప్పు విరిగిందని గులాబ్ బీ ఏమన్నా అంటుందని ఎదురుచూసింది. ముసలామె కింద పడ్డ పెంకులు ఏరి, "పోయేటప్పుడు పిల్లకు పెరుగన్నం తినిపించి తీస్కపో" అంది.

సోమవారం ఆటోలో మెట్టుగూడ దుకాణం ముందు నుంచి పోయేటప్పుడు అఫ్రోజ్ కొంగు తల మీదికి లాక్కుని మొహం తిప్పుకుంది. ఆయన ఆటో ఆపించి దింపేస్తే? మేడమ్ ముందు పిల్ల నోరు విప్పకపోతే? విప్పి, మళ్ళీ అదంతా పడి, ఇంకా లోపలికి ముడుచుకుపోతే? పక్కన అఫీఫా తల్లి చెయ్యి పట్టుకుని ఉంది, చిన్నప్పుడు రోడ్డు దాటేటప్పుడు పట్టుకున్నంత గట్టిగా.

హదస్సా తొందరపెట్టలేదు. ఆఫీసు కిటికీ దగ్గర కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, నీకు ఎక్కడ మొదలుపెట్టాలనిపిస్తే అక్కడే మొదలుపెట్టమంది. అఫీఫా మొదట తల్లినే చూస్తూ చెప్పింది. కాసేపటికి గొంతు కుదుటపడింది. సారు, క్లాసు నవ్వడం, బెంచీ, డబ్బా, బాత్రూం. హదస్సా పిల్ల చెప్పిన మాటల్లోనే రాసుకుంటూ పోయింది. ఏడుపు వచ్చిన చోట ఆగింది, మళ్ళీ కదిలింది. అఫ్రోజ్‌కు తెలియని సంగతులు కూడా అందులో ఉన్నాయి. అయినా పిల్ల గొంతు అంతసేపు వినిపించి ఎన్నాళ్ళయిందో అని, ఆ భయంలో కూడా లోపల ఎక్కడో చల్లగా అనిపించింది. చివర్లో హదస్సా మామూలుగా అడిగింది, "ఇదంతా ఇంట్ల ముందు ఎవరికి చెప్పినవ్ బేటా? అమ్మకేనా?"

అఫీఫా గ్లాసు కింద పెట్టింది. "డాడీకి" అంది. "దసరా సెలవులకు ముందే చెప్పిన. జడ సుత చూపెట్టిన. వాళ్ళు మనకు కావాల్సినోళ్ళు, అమ్మకు చెప్పకు, అమ్మ పరేషాన్ అయితది అన్నడు."

ఇప్పుడు సంక్రాంతి కూడా దాటిపోయింది. అంటే ఇన్నాళ్ళూ, రోజూ సాయంత్రం, తను గడప దగ్గర కూర్చుని ఏరుతుంటే, పక్క నుంచి చెప్పులు విడిచి లోపలికి పోయిన మనిషికి ఆ దూది ఎక్కడిదో తెలుసు. తను పిల్లను తిట్టడం కూడా విన్నాడు. అఫ్రోజ్‌కు ఏడుపు రాలేదు. ఆయన మంచివాడే, తాగడు, కొట్టడు అని పుట్టింట్లో ఎన్నిసార్లు చెప్పుకుందో గుర్తొచ్చి సిగ్గేసింది.

హదస్సా పెన్ను పక్కన పెట్టి నెమ్మదిగా అంది. "ఆయన మీద కేసేం కాదు అక్కా. కానీ ఈ ముక్క ఉంటే విచారణల ఆయన్ను పిలిచి అడుగుతరు. ఎప్పుడు తెలుసు, ఎందుకు ఊరుకున్నవ్ అని. ఇది లేకున్నా కంప్లైంట్ నిలబడతది. తీసేద్దామా?"

అఫ్రోజ్ కూతురి వైపు చూసింది. అఫీఫా ఆమెనే చూస్తోంది, తిట్లు పడతాయేమో అన్నట్టు. తీసేస్తే ఈ రాత్రి ఇంట్లో అన్నం మామూలుగానే ఉడుకుతుంది. పిల్ల మాత్రం ఇంకెప్పుడూ ఎవరికీ ఏదీ చెప్పదు.

"ఉండనీ మేడమ్. అది చెప్పింది చెప్పినట్టే ఉండాలె" అంది అఫ్రోజ్. హదస్సా తలూపి, మళ్ళీ పెన్ను తీసి, తండ్రి పేరు అడిగింది. అఫీఫా నోరు తెరవబోతే అఫ్రోజ్ చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. భర్త పేరు ఆడది నోటితో అనకూడదని, అంటే ఆయన ఆయుష్షు తగ్గుతుందని నిఖా నాడు పెద్దవాళ్ళు చెప్పిన మాట పట్టుకుని ఆమె ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ పేరు పలకలేదు. రేషన్ దుకాణంలోనూ, ఆస్పత్రిలోనూ పక్కవాళ్ళతో చెప్పించేది, లేదంటే పిల్లతో.

"కలీముల్లా" అంది. హదస్సాకు సరిగా వినపడలేదేమోనని, ఇంకోసారి గట్టిగా చెప్పింది.